ఎలుకల్లోకి పోయిన జబ్బు

ఆ ఏడు గోదావరికి వరద ఎర్రనీరు తగిలేనాటికి మా ఇంట్లో అందరం ఎలుకల కోసం ప్రార్థన చేస్తున్నాం.

మామిడికుదురు దాటాక కాలవ వారగా మా ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన సుధీర్, మా అత్తగారు కృపమ్మ, మరిది హర్ష. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. అత్తయ్యగారు ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. మా సంఘంలో స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. హర్ష గ్యాస్ పైపులైను కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా తిరిగేవాడు. వాడికి రక్తకేన్సరు వచ్చింది. హైదరాబాదులో వైద్యం చేయిస్తే తగ్గింది. ఆ ఎండాకాలం చివర్లో మళ్ళీ తిరగబెట్టింది.

ఎలుకలు మా చెల్లెలు స్టెల్లా పనిచేసే ల్యాబువి. హైదరాబాదులోనే పరిశోధన చేస్తోంది. జబ్బు మనిషి ఎముక మూలుగలోంచి కేన్సరు కణాలు తీసి ఎలుకలకి ఎక్కిస్తారు. అవి అక్కడ పెరిగాక వాటి మీద రకరకాల మందులు వేసి చూస్తారు. హర్షకి మూలుగ పరీక్ష చేసినప్పుడు అందులో కొంచెం స్టెల్లా వాళ్ళ ల్యాబుకి ఇస్తావా అని డాక్టర్లే అడిగారు. "ఇస్తే నాకేం తరుగుతుందండీ, పట్టుకెళ్ళండి" అని సంతకం పెట్టాడు.

కీమో ఎక్కించి, రక్తం కౌంట్లు కాస్త బాగున్నాయని, మళ్ళీ నెలకి రమ్మని పంపేశారు. వాడితో పాటు స్టెల్లా కూడా ఆదివారం కలిసొచ్చేలా మా ఇంటికి వచ్చింది. భోజనాల దగ్గర అత్తయ్యగారు దాన్ని కదలనివ్వలేదు.

"ఎలకలంటే మన ఇళ్ళల్లో తిరిగేవేనా అమ్మా?"

"కాదండీ. తెల్లవి, చిన్నవి. పుట్టుకతోనే వాటికి రోగాన్ని ఆపే శక్తి ఉండదు. మామూలు ఎలుకైతే మనిషి కణాన్ని పరాయిదని చంపేస్తుంది. ఇవి చంపలేవు. అందుకే వడగట్టిన గాలిలో ఉంచుతాం. తిండి కూడా క్రిములు లేకుండా చేసి పెడతాం."

"చూశావా వదినా" అన్నాడు హర్ష. "నాకు వార్డులో ఫ్యాను తిరగలేదు. నా ఎలుకలకి రాజభోగం."

"నిన్నూ అలాగే పెట్టెలో పెట్టాలి. బండి మీద పునుగులు తినకుండా ఉంటావు" అంది స్టెల్లా.

"వాటికి పేర్లు పెట్టావా మరదలా?"

"పేర్లుండవు. చెవులకి గుర్తులుంటాయి."

"ఒకదానికి నా పేరు పెట్టు. మంచి మగ ఎలుకని చూసి."

"అన్నీ ఆడవే."

"ఇంకేం! హైదరాబాదులో ఇంతమంది ఆడాళ్ళ ఒంట్లో నా రక్తం ఉందంటే మా సైట్లో ఒక్కడూ నమ్మడు."

మా ఆయన కూడా నవ్వారు. అత్తయ్యగారు నవ్వలేదు. ఆవిడ స్టెల్లా మొహమే చూస్తున్నారు.

"అయితే మా వాడి జబ్బు వాటికి రావాలన్నమాట."

"రావాలండీ. వస్తేనే ఏ మందుకి లొంగుతుందో చూడగలం. చూసి, పనికొచ్చే సంగతి ఉంటే హర్ష డాక్టర్లకి చెప్తారు మా సారు. కానీ అన్నిసార్లూ పట్టదు. పట్టినా ఆలస్యం అవుతుంది. దసరా దాకా కూడా పట్టొచ్చు. ఇంతే అని నేను మాట ఇవ్వలేనండీ."

"మాట నువ్వెందుకిస్తావులే" అన్నారు అత్తయ్యగారు. "ఇచ్చేవాడు వేరే ఉన్నాడు."

అక్కడ మొదలైంది.

బుధవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళందరూ మందిరంలో చాపల మీద మోకరించి, ఆ ఎలుకలకి జబ్బు పట్టాలని కన్నీళ్ళతో అడిగారు. నేను అమలాపురంలో జువాలజీ చదువుకున్నాను, కప్పల్ని కోశాను. కానీ ఒక ప్రాణికి రోగం రమ్మని మోకాళ్ళ మీద నిలబడి అడగడం అదే మొదటిసారి చూడటం. కొంచెం నవ్వొచ్చింది. తరవాత నేనూ అడిగాను.

ఆ ఆదివారం పాస్టరు అబ్రహాము గారు, దయ్యాలు మనిషిని విడిచి పందుల మందలోకి దూరిన సంగతి ప్రసంగించారు. పందులు నీళ్ళలో పడి పోయాయి, మనిషి బాగుపడి ఇంటికి వెళ్ళాడు. పాస్టరు గారు ఎలుకల మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది. మందిరంలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కటే నిట్టూర్పు వచ్చింది. అత్తయ్యగారు కళ్ళు మూసుకుని తలూపుతున్నారు.

ఇంటికొచ్చాక చెప్పి చూశాను. "అత్తయ్యగారూ, ఇది తోడు పెట్టడం లాంటిదండీ. చెంచాడు పెరుగు తీసి వేరే పాలల్లో వేస్తే అక్కడా తోడుకుంటుంది. అంతమాత్రాన ఈ గిన్నెలో పెరుగు మళ్ళీ పాలైపోదు కదండీ."

ఆవిడ కోపగించుకోలేదు. పిల్లలకి ఎక్కం తప్పితే దిద్దినంత మెల్లగా అన్నారు. "పెరుగూ దేవుడి కార్యమూ ఒకటేనా సుప్రియా?"

జులైలో ఓ సాయంత్రం. పెరట్లో చేపలు తోముతున్నాను. ఫోను మోగితే, నా చేతులు బాగోలేవని హర్షని స్పీకరు పెట్టమన్నాను. స్టెల్లా.

"అక్కా, పట్టింది."

"ఏది?"

"హర్ష కణాలు. రక్తం తీసి చూశాం. అన్ని ఎలుకల్లోనూ కనిపిస్తున్నాయి."

అత్తయ్యగారు వంటింట్లోంచి "స్తోత్రం, స్తోత్రం" అంటూ పరుగున వచ్చారు. ఆవిడ పరిగెత్తడం నేను చూడలేదు అంతవరకు. హర్ష ఫోను పైకెత్తి పట్టుకుని, చేప కోసే కత్తిపీట చుట్టూ రెండు గంతులేశాడు. "నా ఎలుకలు పాసయ్యాయి!" అని అరిచాడు.

"దసరా దాకా పడుతుందన్నావు కదే" అన్నాను నేను.

"ఆఁ. తొందరగానే పట్టింది."

"తొందరగా పడితే మంచిదా?"

"మా పనికి మంచిదే అక్కా" అంది. ఎప్పుడూ పనుందని ముందు ఫోను పెట్టేసేది నేను. ఆ రోజు అదే పెట్టేసింది.

చేతులు కడుక్కుని కాలవ గట్టు దాకా వెళ్ళి మళ్ళీ చేశాను. అక్కడ దాపరికం లేకుండా చెప్పింది. మొండి జబ్బయితేనే అంత తొందరగా పాకుతుందట. ఇప్పుడు మందులు మొదలుపెడుతున్నారట. "బావగారికి చెప్పు. చెకప్ మాత్రం తప్పించకండి" అంది.

మా ఆయనకి అప్పుడే చెప్పాను. స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నారు.

"వెళ్దాంలే. డేటు ఇంకా ఉంది కదా" అన్నారు. తరవాత, "అమ్మ మొహం చూశావా? ఎన్నాళ్ళైందో అలా చూసి. రెండు రోజులు ఉండనీ" అన్నారు.

రెండు రోజుల్లో ఆదివారం వచ్చింది.

ఎవరూ అనుకోలేదు, ఆవిడ లేచి సాక్ష్యం చెప్తారని. మా సంఘంలో సాక్ష్యం అంటే సామాన్యం కాదు. దేవుడు చేసిన మేలు నిలబడి చెప్పినవాళ్ళు ఆ మాట మీద బతకాలి. జ్వరం తగ్గిందని సాక్ష్యం చెప్పి మర్నాడు మాత్ర వేసుకున్న మనిషిని వెనకాల ఎన్ని మాటలంటారో నేను విన్నాను. అత్తయ్యగారు కూడా అన్నవాళ్ళలో ఉన్నారు.

తెల్ల చీర కొంగు తల మీదకి లాక్కుని, ముందుకు వెళ్ళి, మైకు ఎత్తు సరిచేసుకుని, పాఠం చెప్పినట్టు స్పష్టంగా చెప్పారు. కొడుకు జబ్బు, హైదరాబాదు, ల్యాబు, ఎలుకలు. "ఫోనొచ్చింది. నా బిడ్డ ఒంట్లో ఉన్న రోగం ఆ మూగజీవాల్లోకి వెళ్ళింది. ఆ నోరులేని వాటిని దేవుడు నా బిడ్డకి బదులు పెట్టేడు. నా బిడ్డకి స్వస్థత వచ్చింది." అందరూ చప్పట్లు కొట్టారు. హర్షని ముందుకు పిలిచారు. వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్న తలని పాస్టరు గారు నిమిరారు. యూత్ పిల్లలు ఫోన్లలో వీడియో తీసి సంఘం ఛానల్లో పెట్టారు. సాయంత్రానికి రాజోలు నుంచి, కొత్తపేట నుంచి చుట్టాలు ఫోన్లు చేశారు.

చెకప్ తేదీ వచ్చింది. "వరద తగ్గాక వెళ్దాం" అన్నారు అత్తయ్యగారు. లంక ఊళ్ళకి పడవలు తిప్పుతున్న మాట నిజమే. మా రోడ్డు మాత్రం ఆ ఏడు ఒక్కపూట కూడా మునగలేదు. హైదరాబాదు బస్సు రోజూ మా ఇంటి ముందునుంచే వెళ్ళింది.

మా ఆయన వాళ్ళమ్మతో వాదించారు. ఆవిడ వాదించలేదు. "నువ్వు తీసుకెళ్తే నేను ఆపనురా. కానీ నేను సంఘంలో నిలబడి చెప్పిన మాట ఏమవుతుందో చూసుకుని తీసుకెళ్ళు" అన్నారు. ఆయన హర్ష వైపు చూశారు.

"నేను బాగానే ఉన్నానురా అన్నయ్యా. చూడు, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నా" అన్నాడు వాడు.

అప్పటికి నిజంగానే బాగున్నాడు. సైటుకి కూడా వెళ్ళొచ్చాడు. అదే కొంప ముంచింది.

ఆగస్టులో, ఉక్కపోతకి నేను చెంగుతో విసురుకుంటుంటే హర్ష పొడుగు చేతుల చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాడు. తన దిండు గలీబు తానే ఉతికి ఆరేసుకునేవాడు. తిన్న కంచం ఎత్తని మనిషి. ఒక ఉదయం తీగ మీద ఆ గలీబు ముట్టుకుని చూశాను. సబ్బు పెట్టి ఎంత రుద్దినా చిగుళ్ళ రక్తం మరక అంచున పసుపుపచ్చగా మిగిలిపోయింది. ఆడవాళ్ళకి తెలుస్తుంది, చన్నీళ్ళలో నానబెట్టకుండా వేడినీళ్ళు పోసేశాడు.

కొబ్బరి చెట్ల కింద కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"చొక్కా చెయ్యి పైకి తియ్యి" అన్నాను.

"ఏంటొదినా, రౌడీలా."

"తియ్యి."

తీశాడు. మోచేతి దాకా నేరేడు పళ్ళు చిదిమినట్టు మచ్చలు.

"జ్వరం ఎన్నాళ్ళనుంచి?"

"సాయంత్రాలే వస్తోంది. మాత్ర వేసుకుంటే పోతోంది."

"మాత్రలెక్కడివి?"

"మెడికల్ షాపు బాబూరావు ఇచ్చేడు. మా అమ్మకి చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. వాడూ మన సంఘమేగా, వీడియో చూసేడు." నవ్వబోయాడు. "వదినా, అమ్మ అందరి ముందూ చెప్పేసింది. స్కూలు టీచరుగా ముప్పయ్యేళ్ళు పనిచేసింది, ఒకళ్ళ చేత మాట పడలేదు. ఈ ఆదివారం ఎవరో పిల్లకి ప్రార్థన చెయ్యమని అమ్మని పిలిచారు, చూశావా? ఎంత బాగా తయారై వెళ్ళిందో."

"నువ్వు చచ్చిపోతావురా" అన్నాను. మృదువుగా చెప్పే ఓపిక లేకపోయింది.

"ఆయ్" అన్నాడు వాడు, పెద్దవాళ్ళు పని చెప్తే అన్నట్టు. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

ఆ మధ్యాహ్నమే స్టెల్లా చేసింది. ఈసారి అత్తయ్యగారే ఎత్తి స్పీకరు పెట్టారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాను. రెండు మందులు కలిపి ఇస్తే ఎలుకల్లో జబ్బు ఆగిందట. డాక్టర్లు ఆ రెండూ హర్షకి వాడి చూద్దామంటున్నారట. రేపే బయల్దేరి రమ్మంది.

"మంచిదమ్మా. వాటికి వెయ్యండి" అన్నారు అత్తయ్యగారు.

"హర్షకండీ!"

"జబ్బు ఎక్కడుంటే మందు అక్కడ. వాటిల్లోకి పోయినదానికి మా వాడికెందుకమ్మా?"

నేను వెళ్ళి ఫోను ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను. "రేపు బయల్దేరుతున్నాం" అని చెప్పాను. తరవాత హర్షని పిలిచి, ఆవిడ ముందే వాడి రెండు చేతులూ పైకి మడిచాను. ఆవిడ చూశారు. వాడి చేతులు పట్టుకుని మచ్చల్ని బొటనవేలితో మెల్లగా రాశారు, మట్టి అంటితే రాసినట్టు.

"ఆదివారం పోనిచ్చి వెళ్దాం" అన్నారు. "ఒక్క ఆదివారం. కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. అందరినీ పిలిచేను."

మా ఆయన కారు మాట్లాడుకొచ్చారు. ఆదివారం దాకా ఆగలేదు. అయినా ఆలస్యమే అయింది. హైదరాబాదు చేరేసరికి హర్షకి ఊపిరితిత్తుల్లో నిమ్ము పట్టింది. ఆ స్థితిలో ఆ రెండు మందులూ ఎక్కించలేమన్నారు డాక్టర్లు. ముందు నిమ్ము తగ్గాలన్నారు. అది తగ్గలేదు. ఐసీయూలో గొట్టం వెయ్యకముందు వాడు స్టెల్లాతో చివరిగా అన్న మాట, "నీ పరీక్ష పాడుచేశాను కదా మరదలా."

ఊళ్ళోనే సమాధి చేశాం. ఇంటివాళ్ళని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకి స్టెల్లా వచ్చింది. ఎవరూ దాన్ని ఏమీ అనలేదు, ఎవరూ దాని పక్కన కూర్చోలేదు. పాస్టరు గారు ప్రసంగంలో, మన సహోదరుడు రోగాన్ని జయించి విశ్రాంతిలోకి వెళ్ళాడన్నారు. జయించి అన్నమాట నేను విన్నాను. మా ఆయన విన్నారు. ఎవరం తల ఎత్తలేదు.

వడ్డనలప్పుడు అత్తయ్యగారు స్టెల్లా దగ్గరకి వచ్చారు.

"ఎలకలెలా ఉన్నాయమ్మా?"

స్టెల్లా నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. చెప్పమని కళ్ళతోనే సైగ చేశాను.

"మందు వేసినవి తిరుగుతున్నాయండీ" అంది. "వెయ్యనివి పోయాయి."

అత్తయ్యగారు తలూపారు. "కూరేసుకో" అని పక్క పంక్తిలోకి వెళ్ళిపోయారు.

వీడియో తీయించెయ్యమని మా ఆయన పాస్టరు గారిని అడిగారు. "ఎంతమందికి బలాన్నిస్తోందో మీకు తెలీదు మాస్టారూ" అన్నారట ఆయన. ఈయన ఇంకోసారి అడగలేదు.

అక్టోబరులో వానలు వెనకపట్టాక, ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర ఆటో ఆగింది. ఒకావిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని చున్నీ తల మీదుగా కప్పుకున్న ఇంటరు పిల్ల దిగారు. ఆవిడ అంతర్వేది నుంచి వచ్చింది. పేరు అప్పలమ్మ, పెనిమిటి సముద్రం మీద చేపల వేటకెళ్తాడు. పిల్ల పేరు లక్ష్మీతులసి. పిల్ల పెదాలకి రంగు లేదు.

"కృపమ్మగారంటే మీరేనాండీ? ఈడియోలో సూసేమండి. మేం మీ మతం కాదండి. అయినా మా పిల్లకీ అదే జబ్బని కాకినాడలో సెప్పేరండి. పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. ముందు మీ సేత పార్థన సేయించుకుని..." చుట్టూ చూసింది. "అబ్బాయిగారు ఉన్నారాండీ? ఒక్కసారి సూసెల్దామని. మా పిల్లకి ధైర్నం వత్తాది."

నేను మంచినీళ్ళు తెచ్చి గుమ్మంలో ఉన్నాను. అత్తయ్యగారు వరండాలో కుర్చీలో కూర్చున్నారు. లేచి నిలబడి, చీర సర్దుకున్నారు. ఆ నెల్లాళ్ళలో ఆవిడ అంత నిటారుగా నిలబడలేదు.

"పనిలోకెళ్ళేడమ్మా" అన్నారు. "సాయంత్రానికి గాని రాడు."

పిల్లని దగ్గరకి రమ్మని, తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, నా బిడ్డని విడిచిపోయిన రోగం..."

"మా మరిది చనిపోయాడండీ" అన్నాను నేను. "సెప్టెంబర్లో. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళాం. జబ్బు వాడిని విడిచిపెట్టలేదు."

అప్పలమ్మ కూతురి భుజం పట్టుకుని మెల్లగా తన వైపుకి లాక్కుంది. అత్తయ్యగారి చెయ్యి పిల్ల తల ఉన్న ఎత్తులోనే ఆగి ఉంది. ఆవిడ కళ్ళు తెరవలేదు.

గ్లాసులు కింద పెట్టి, వాళ్ళని గేటు దాకా తీసుకెళ్ళాను. హైదరాబాదులో ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, అక్కడ ఎవరిని అడగాలో చెప్పాను. మందు వేసిన ఎలుకలు బతికిన సంగతీ చెప్పాను. స్టెల్లా నంబరు పిల్ల ఫోనులో నేనే నొక్కి పెట్టాను.

"ఆ ఎలకలకి ఏసిన మందండీ," అంది అప్పలమ్మ ఆటో ఎక్కుతూ, "మా పిల్లకి ఏత్తారాండీ?"

"అది మా మరిది జబ్బుకి సరిపడిందండీ. మీ పిల్లది ఏ రకమో వాళ్ళు చూడాలి. ఈ రోజే బయల్దేరండి. ఎక్కడా ఆగకండి."

"ఆయ్. అలాగేనండి."

నేను తిరిగి వచ్చేసరికి అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. వాళ్ళు తాగని నీళ్ళ గ్లాసుల వైపు చూస్తున్నారు.

"ఊళ్ళో అందరికీ వాడు పోయేడని తెలుసు" అన్నారు. "ఆ సముద్రపొడ్డు వాళ్ళ దగ్గరైనా నా కొడుకు ఇంకా బతికున్నాడు. అదీ తీసేశావు."

"ఆయ్" అన్నాను.

గ్లాసుల్లో నీళ్ళు మొక్కల్లో పారబోసి, పొయ్యి మీద అన్నం చూడ్డానికి లోపలికి వెళ్ళాను.